తాగేవారికి తెలియకుండా

పోయిన నెల నిజామాబాద్ నుంచి ఒక పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఒకే గదిలో నాలుగేళ్లు కలిసి ఉన్నవాళ్లం. పిల్లల చదువులూ బీపీ మాత్రలూ అయ్యాక గొంతు తగ్గించి, "మీ బావ మానేసిండట గదా. మా తమ్మునికి ఏదన్న మంచి సెంటర్ ఉంటే చెప్పు. ఈడ వద్దు, మీ ఆంధ్ర దిక్కున. ఎవ్వరికి తెల్వకుండ కావాలె" అన్నాడు.

నేను తాగుడు మాన్పించే సెంటర్ పేరేదీ చెప్పలేదు. ముందు తమ్ముణ్ని అక్కడే ఒక డాక్టరుకి చూపించమన్నాను. ఆ తర్వాత నిజామాబాద్ చుట్టుపక్కల తాగుడు మానేసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి గ్రూపుగా ఎక్కడ కూర్చుంటారో కనుక్కోమన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. అతను దూరం కోసం ఫోన్ చేశాడు, నేనేమో దగ్గర గురించి చెబుతున్నాను.

ఫోన్ పెట్టేశాక మా బస్టాండు గోడ గుర్తొచ్చింది. మొలల ఆపరేషన్ ప్రకటనకీ బోర్లు వేసేవాళ్ల ప్రకటనకీ మధ్యలో, పసుపు మీద ఎర్ర అక్షరాలు. "మద్యం మాన్పిస్తాం. తాగేవారికి తెలియకుండా." కింద ఒక నంబరు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. నంబరు మారుతుంది, రంగు మారుతుంది, ఆ మాట మాత్రం మారదు. నా గొడవంతా ఆ మాటతోనే.

బావ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు వద్దన్నాడు, ఊరు వద్దన్నాడు. "నన్ను దేవతని చేసి రాయకు" అని అక్క ఇంకో షరతు పెట్టింది. కాబట్టి గుంటూరు వైపు ఒక మండల కేంద్రం అనుకోండి. బావకి అక్కడ మోటారు వైండింగ్ షాపు. తక్కినవాళ్ల వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

పప్పుచారులో పొడి

ఆరేళ్ల కిందట అక్క ఆ గోడ మీది నంబరుకే ఫోన్ చేసింది. పక్క టౌనులో ఒక సందులో మేడ మీద గది. ముందు రెండు వేలు, మానేశాక మూడు వేలు. కాగితం పొట్లాల్లో తెల్లటి పొడి ఇచ్చి, రోజూ కూరలోనో చారులోనో కలపమన్నారు. ఇచ్చినాయన డాక్టరా అని అడిగితే "గురువుగారు" అని చెప్పారట.

మూడో రోజు సాయంత్రం బావ షాపు దగ్గరే క్వార్టర్ వేశాడు. పావుగంటలో ముఖం, మెడ, ఛాతీ కందగడ్డలా అయిపోయాయి. వాంతులు. గుండె దడదడలాడుతోందని షాపులో కుర్రాడి చెయ్యి తీసి ఛాతీ మీద పెట్టుకున్నాడట. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డ్యూటీ డాక్టరు "ఏమైనా మాత్రలు వాడుతున్నాడా?" అని అడిగితే అక్క లేదంది. రెండోసారి అడిగినప్పుడు ఏమీ మాట్లాడకుండా చేతిసంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

అది డైసల్ఫిరామ్, అంటే ఒంట్లో ఉండగా తాగితే ఒళ్లు తిరగబడేలా చేసే మందు, అయ్యుండాలని ఆ డాక్టరు అనుమానం. ఆ మందు చెడ్డదేమీ కాదు. డాక్టర్లు నిజంగానే రాస్తారు. కానీ తాగే మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, లివరు చూసుకుని రాస్తారు. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ఏమవుతుందో ఆ మనిషికి తెలిసి ఉండటమే ఆ మందు పనిచేసే పద్ధతి. తెలియకుండా కలిపితే అది విషప్రయోగంతో సమానం. బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

బావ రెండు రోజుల్లో కోలుకున్నాడు. మళ్లీ తాగాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఇంట్లో అన్నం తినలేదు, హోటల్లో తిన్నాడు. తాగుడు మానలేదు గానీ ఇంటి చారు మానేశాడు.

అక్కని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పన్నెండేళ్లు చూసి చూసి, అడిగి అడిగి, ఇక అడగకుండా అయ్యే పని ఏదైనా ఉందా అని వెతుక్కునే దశకి ఆమె వచ్చింది. ఆ దశ ఎక్కడుందో గోడ మీద రాసేవాడికి తెలుసు.

షిరిడీ వెళ్లాడు

తర్వాతి ఏడాది సెంటర్. తెల్లవారుజామున మూడింటికి వ్యాన్‌లో నలుగురొచ్చి తీసుకెళ్లారు. సంతకం అక్కది, డబ్బులు నావి. వీధిలో అడిగినవాళ్లకి "షిరిడీ వెళ్లాడు, అటునుంచి అటే కాశీ కూడా చూసుకుని వస్తాడు" అని చెప్పాం. నలభై ఐదు రోజుల తర్వాత బావ బుగ్గలొచ్చి, తేటగా దిగాడు. పక్కింటి పిన్నిగారు "ప్రసాదం ఏదమ్మా?" అంటే అక్క స్వీట్ షాపులో అరకిలో పేడాలు కొనుక్కొచ్చి వీధంతా పంచింది.

తొమ్మిదో రోజున తాగాడు.

అప్పుడు మాకు కోపం తప్ప ఇంకేమీ రాలేదు. అది ఎలా జరిగిందో చాలాకాలం తర్వాత బావే చెప్పాడు. వైర్ల డీలరు దగ్గర కూర్చుంటే ఎప్పటిలాగే గ్లాసు పెట్టారు. "వద్దు" అన్నాడు. "ఏం, ఎందుకు?" అన్నారు. దానికి బావ దగ్గర జవాబు లేదు. మానేశానని చెప్పడానికి వీల్లేదు. ఎందుకంటే ఊరి లెక్కలో అతను వెళ్లింది షిరిడీకి. ఒంట్లో బాలేదంటే ఏం జబ్బని అడుగుతారు. "చెప్పడానికి ఏమీ లేక తాగానురా" అన్నాడు. సాకు అనుకుంటే సాకే. కానీ ఆ సాకుకి ముడిసరుకు మేమే ఇచ్చాం. మానేసిన సంగతి దాచిపెట్టి, మానేసినవాడిగా బతకమని ఊళ్లోకి వదిలాం.

సెంటర్లు పనికిరావని నేననను. నాకున్న మొదటి సందేహం అసలు అటువైపే. గ్రూపు, గ్రూపు అని నేను ఊదరగొడితే, రోజూ పొద్దున్నే పడందే చెయ్యి నిలవని మనిషి ఒక్కసారిగా ఆపేసి మీటింగులో కూర్చుంటే ఏమవుతుంది? ప్రమాదమే. వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం, రెండు మూడు రోజుల్లో మతిభ్రమణం దాకా పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి వైన్ షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు బారులు కట్టిన జనాన్ని టీవీలో అందరం చూశాం. వాళ్లకి పిచ్చి లేదు, ఒంట్లో మద్యం లేదు, అంతే. ఆ ఏడాదే ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. స్నేహితుడి తమ్ముడి విషయంలో ఇంకో మెలిక ఉంది. నిజామాబాద్ వైపు కల్తీ కల్లులో డైజీపామ్, ఆల్‌ప్రజోలమ్ లాంటి మత్తు మాత్రలు కలుపుతారు. ఆ కల్లు అలవాటైన ఒళ్లు, కల్లు మానిన రోజు ఆ మాత్రలు కూడా ఒకేసారి మానినట్టు. అందుకే ముందు డాక్టరు, ఆ విషయంలో వాదన లేదు.

కానీ డాక్టరు పని వారం, పది రోజులు. మహా అయితే నెల. ఆ తర్వాత గేటు బయట ముప్పై ఏళ్లుంటాయి. మన డబ్బూ, సంతకాలూ, కన్నీళ్లూ, వ్యాన్లూ అన్నీ గేటు లోపలి పని మీదే ఖర్చవుతాయి. బావ బయటికొచ్చిన రోజు వాళ్లు చేతిలో పెట్టింది మాత్రల స్ట్రిప్పూ, బిల్లూ. మీ ఊరికి దగ్గర్లో మీటింగు ఫలానా చోట ఉంది అన్న ఒక్క ముక్క లేదు. మాకూ అడగాలని తెలియదు.

ప్రభుత్వం లెక్కా ఇంతే అనిపిస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరి 16న మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ పోరాటాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు. ఆ రెండేళ్లలో జీతం ఇంటికొచ్చిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. కాకపోతే సీసా తీసేశాక ఆ తాగే మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఎవరి పనీ కాలేదు. సీసా తిరిగొచ్చేసరికి అతను అదే అరుగు మీద ఉన్నాడు. ఎయిమ్స్ వాళ్లు 2019లో ఇచ్చిన దేశవ్యాప్త సర్వేలో మద్యానికి బానిసలైనవాళ్లలో ఏదో ఒక రకం సాయం అందినవాళ్లు 38 మందిలో ఒక్కరు. తక్కిన ముప్పై ఏడుమందిలో ఎంతమందికి పప్పుచారులో పొడి పడిందో ఏ సర్వేలోనూ ఉండదు.

41 రోజులు

మానలేని మనిషి అయ్యప్ప మాల వేసుకుంటే ఎలా మానతాడు? మా ఇంట్లో చాలాకాలం నడిచిన ప్రశ్న ఇది. బావ మూడుసార్లు మాల వేశాడు. మూడుసార్లూ 41 రోజులు చుక్క ముట్టలేదు. "చూశావా, నేను తాగుబోతునైతే మానగలిగేవాణ్నా?" అనేవాడు. మేమూ, మనసుంటే మానగలడు, మనసు లేదు అనుకునేవాళ్లం. ఇద్దరమూ అదే సాక్ష్యం పట్టుకుని తప్పుడు తీర్పులు చెప్పుకున్నాం.

ఇప్పుడు చూస్తే భక్తితో పాటు అక్కడ ఇంకేదో పనిచేసింది. నల్లబట్టలు కట్టిన రోజు నుంచి ఊళ్లో ఎవరూ అతని ముందు గ్లాసు పెట్టరు. పేరు పోయి "స్వామీ" వస్తుంది. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, సాయంత్రం పీఠం దగ్గర భజన, ఎవరింట్లోనో భిక్ష. పక్కన ఎప్పుడూ నలుగురు స్వాములు. ముఖ్యంగా, ఎందుకు తాగడం లేదని ఎవరూ అడగరు, మెడలో ఉన్నదే జవాబు. ఆ నలభై ఒక్క రోజులూ అతను మానేసిన సంగతి ఊరందరికీ తెలుసు. దాచుకోవలసిన అవసరం లేకుండా బావ మానింది జీవితంలో అప్పుడే.

మూడోసారి శబరిమల నుంచి తిరిగొస్తూ, మాల తీసిన రాత్రే తాగాడు. దేవుడు వదిలేశాడని అక్క ఏడ్చింది. నాకు ఇప్పుడనిపిస్తుంది, పోయింది దేవుడు కాదు, ఆ నలుగురూ. మర్నాటి నుంచి ఎవరి పని వాళ్లది.

నేను గ్రూపు అంటున్నది మతంతో పని లేకుండా, తేదీ చూసి తీసేయక్కర్లేని అలాంటి ఏర్పాటు.

మీ కోసమా, ఇంకెవరి కోసమా?

గ్రూపు కోసం వెతకడం మొదలుపెట్టింది నేనే. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి చాలామందికి సినిమాల్లో చూసినంత తెలుసు కాబట్టి చరిత్ర చెప్పను. మన దేశంలో అది 1957 నుంచీ ఉందని, విశాఖలో, విజయవాడలో, హైదరాబాద్‌లో మీటింగులు జరుగుతాయని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. వైన్ షాపు ఎక్కడుందో పదో తరగతిలోనే తెలుసు.

దొరికిన మూడు నంబర్లలో ఒకటి పనిచేయలేదు, ఒకటి ఎత్తలేదు. మూడోది ఎత్తిన పెద్దాయన నా మాటంతా విని, "మీ కోసమా అండీ, ఇంకెవరి కోసమా?" అన్నాడు. బావ కోసం అన్నాను. "అయితే ఆయన్నే చేయమనండి."

ఒళ్లు మండింది. చేయగలిగినవాడైతే నేనెందుకు చేస్తాను? అదే అన్నాను. ఆయన నవ్వాడు. "మా తమ్ముడూ నా కోసం చాలా ఫోన్లు చేశాడండీ. ఆ ఫోన్లకి నేను మానలేదు. మా దాంట్లో చేరడానికి ఒక్కటే అర్హత, మానాలన్న కోరిక. అది మీకుంది, కానీ మీరు తాగరు." ఆఖర్లో మాత్రం, నెలకొకసారి ఎవరైనా రాదగిన ఓపెన్ మీటింగు ఉంటుంది, ఇద్దరూ కలిసి రండి అని చెప్పాడు.

బావకి ఈ సంభాషణ ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటిసారి ఏదీ కలపకుండా చెప్పాను. రెండు నెలలు పలకలేదు. ఒకరోజు షాపులో సన్న గేజి రాగితీగ చుడుతుంటే తీగ నాలుగోసారి తెగిందట. కుర్రాడు ఏమీ అనకుండా బాబిన్ తీసుకుని తను చుట్టడం మొదలుపెట్టాడట. ఆ సాయంత్రం "ఆ నంబరు పంపు" అని మెసేజ్ పెట్టాడు.

మొదటి మీటింగుకి నేనూ వెళ్లాను. చర్చి వెనక స్కూలు గది, మూడో తరగతి పిల్లల బెంచీలు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా పది మంది మగవాళ్లు. గోడకి అ నుంచి ఱ దాకా అట్టలు. ఆటో డ్రైవరు, లెక్చరరు, ఎరువుల షాపాయన. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అంటూ ఒక్కొక్కరే మాట్లాడారు. నేను ఊహించుకున్నది వేరు. ఎవరో ఒకరు లేచి బావకి క్లాసు పీకుతారనుకున్నాను. ఎవరూ అతనికి ఒక్క సలహా ఇవ్వలేదు. సీసాలు ఎక్కడెక్కడ దాచేవాళ్లో చెప్పుకున్నారు. కుంకుడుకాయల డబ్బాలో, టాంకు మూత కింద, అత్తగారి మందుల పెట్టెలో. చెప్పి పగలబడి నవ్వుకున్నారు. ఉన్నట్టుండి బావ, "రిపేరుకొచ్చిన మోటారు బాడీలో" అన్నాడు. గది ఘొల్లుమంది. ఆ సీసాల కోసం ఇల్లంతా వెతికిన అక్క మొహం గుర్తొచ్చి నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నవ్వు నాది కాదని అప్పుడే తెలిసింది.

బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర బావ అన్న మాట ఒకటే. "వీళ్ల దగ్గర అబద్ధం చెప్పడానికి ఏమీ లేదురా. అన్నీ వాళ్లు ముందే చెప్పేశారు."

34 కిలోమీటర్లు

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆ మీటింగు మా ఊరికి 34 కిలోమీటర్లు. వారానికి రెండుసార్లు, సాయంత్రం ఆరున్నరకి. ఐదింటికి షాపు మూయాలి. వచ్చేటప్పుడు ఆఖరి బస్సు దొరికితే దొరికినట్టు. నెలన్నర వెళ్లాడు. వానాకాలంలో మోటార్లు కాలిపోయే రోజులు, పని ఎక్కువ. ఒక వారం మానేశాడు, రెండో వారం మానేశాడు, మూడో వారం తాగాడు.

దూరంగా ఉంటేనే మంచిదని ఇంట్లో అందరం అనుకున్నాం. తెలిసినవాడు ఎవడూ చూడడు. నా ఆలోచన తిరగబడింది ఇక్కడే. ఎవడు చూస్తాడని? బావ తాగుతాడని ఊళ్లో తెలియనిదెవరికి? మురికికాలవ పక్కన పడిపోతే ఎత్తుకొచ్చింది ఊరివాళ్లే. బండి ఎక్కడ ఆగిపోయిందో అక్కకి ఫోన్ చేసి చెప్పింది ఊరివాళ్లే. పన్నెండేళ్ల తాగుడు బహిరంగమే. మానాలనుకున్న ఒక్క సంగతే రహస్యం. మనం కాపాడుతున్న పరువు ఏదో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది, నాకే వచ్చింది. వాళ్ల పేరులోనే అనానిమస్ ఉంది కదా? ఉంది. కానీ అజ్ఞాతం వేరు, రహస్యం వేరు. అక్కడ ఇంటిపేరు అడగరు, గదిలో విన్నది బయట చెప్పరు. అయితే గది లోపల మనిషి తన నోటితో, తన గొంతుతో చెప్పుకోవాలి. బయట పేరు కాపాడేది లోపల మాట రావడం కోసం. మేం చేసినది దానికి తలకిందులు. బయటా చెప్పలేదు, లోపలా చెప్పనివ్వలేదు.

బావ అలా మళ్లీ తాగాక ఆ పెద్దాయనే ఫోన్ చేశాడు. తిట్టలేదు. "మీ మండలం నుంచే ఇంకో ఇద్దరు ఇక్కడికి వస్తున్నారు, ముగ్గురూ దూరం దూరమని తిట్టుకుంటున్నారు. మీ ఊళ్లోనే కూర్చోవచ్చుగా?" అన్నాడు. గ్రూపంటే బోర్డూ, రిజిస్ట్రేషనూ ఉంటాయనుకున్నాం. వాళ్ల నియమాల్లో ఉన్నది ఇంతే. ఇద్దరో ముగ్గురో మానడం కోసం కలిసి కూర్చుని, ఇంకే సంస్థకీ అనుబంధం కాకుండా ఉంటే, అది గ్రూపే. 1935లో అమెరికాలో మొదలైందే ఇద్దరితో. బేరం చెడిపోయి పరాయి ఊరి హోటల్లో నిలబడ్డ ఒక షేర్ల దళారీకి పక్కన బారు వినబడుతుంటే, చర్చిలకి ఫోన్లు చేసి, మాట్లాడటానికి ఇంకో తాగుబోతుని వెతికి పెట్టమన్నాడు. దొరికినాయన సర్జను. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, ఆయన వెతికింది గ్రూపుని కాదు.

అలా బావ, ఒక ఆటో ఆయన, రిటైరైన పోస్టుమాస్టరు గారు కలిసి ట్యూషన్లు చెప్పే మేడ మీది గదిలో గురువారం కూర్చోవడం మొదలుపెట్టారు. అద్దె నెలకి మూడు వందలు. నేనిస్తానన్నాను, తీసుకోలేదు. బయటివాళ్ల డబ్బు ముట్టకూడదన్నది వాళ్ల నియమం. స్టీలు గిన్నెలో తలా ఇరవయ్యో యాభయ్యో వేసుకుంటారు. బిస్కెట్లు కూడా అందులోవే.

సందేహాలు

దగ్గర గ్రూపు గురించి నేను చెప్పినంత సాఫీగా ఏమీ నడవలేదు. నాలుగో వారంలో వచ్చిన ఒకాయన, పక్కన కూర్చున్నది ఎవరో, ఏ పేట మనిషో చూసి, మళ్లీ రాలేదు. పట్నంలో ఇంటిపేరు అడగకపోతే కులం కొంతైనా దాగుతుంది. మండల కేంద్రంలో దాగదు. బెల్టు షాపు బెంచీ మీద ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నవాళ్లే, అదీ వింత. దీనికి నా దగ్గర సమాధానం లేదు. అలాంటివాళ్లకి 34 కిలోమీటర్లే నయమేమో.

మతం సంగతి. పట్నంలో గది చర్చిదని తెలిసి అక్క "మతం మారుస్తారేమో కనుక్కో" అంది. గది అద్దెకిచ్చింది మాత్రమే చర్చి, మీటింగు ఏ మతానిదీ కాదు. కానీ మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉన్నది నిజం, "మేము అర్థం చేసుకున్న దేవుడు" అనే సర్దుబాటుతో. దేవుడు లేడనుకునే ఆటో ఆయనకి మొదట్లో అది ముల్లులా గుచ్చుకుంది. నా శక్తి కంటే పెద్ద శక్తి ఈ గదేలే అని సరిపెట్టుకున్నాడు. బావ అక్కకిచ్చిన జవాబు మాత్రం వేరు. "వైన్ షాపు ఓనరు ఏ మతమో పన్నెండేళ్లలో ఒక్కసారైనా అడిగావా?"

ఆడవాళ్లు. ఈ గదుల్లో తాగే ఆడమనిషి కూర్చోగలదా? మా గురువారం గదిలో కూర్చోలేదు, అంతవరకూ నిజం ఒప్పుకోవాలి. తాగే ఆడవాళ్లు లేక కాదు. మగవాడికి పరువు పోతే మళ్లీ వస్తుంది, ఆమెకి ఇల్లే పోతుంది. ఆమె విషయంలో రహస్యం గురించి నేను రాసినదంతా తిరగ రాసుకోవాలేమో. ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో జరిగే మీటింగులు అందుకే అవసరమనిపిస్తుంది, అవి గది అంత గట్టివి కావని తెలిసినా.

తాగేవాళ్ల కుటుంబాలకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. అక్కని వెళ్లమంటే "నేనేం తాగానని నాకు మీటింగు?" అంది. పోరు పెడితే రెండుసార్లు వెళ్లింది. ఏం విందో చెప్పలేదు. బావ ఇంటికి రాగానే నోటి దగ్గర వాసన చూడటం మాత్రం మానేసింది. మూడోసారి "నాకు పనుంది" అని వెళ్లలేదు.

అసలు ఇవి పనిచేస్తాయా అని అడిగే డాక్టరు స్నేహితుడొకడున్నాడు నాకు. న్యాయమైన ప్రశ్నే. 2020లో, వైద్య అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా రోగుల లెక్కలు కలిపి చూశారు. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో, మనుషుల్ని పద్ధతిగా ఈ పన్నెండు మెట్ల వైపు నడిపించే చికిత్స, తక్కిన మానసిక చికిత్సల కంటే మెరుగ్గా తేలింది. అవి ఎక్కువగా అమెరికా అధ్యయనాలు. మన మండలాల్లో ఎవరూ లెక్క కట్టలేదు. మా గదికి ఇప్పటిదాకా పద్నాలుగు మంది వచ్చారు, నిలిచింది ఐదుగురు. పోయిన తొమ్మిది మందీ ఏమయ్యారో నేను రాస్తే ఇది ఇంకో వ్యాసమవుతుంది. అందరికీ సరిపడదు. కానీ నెల అద్దె మూడు వందల రూపాయలకి ఐదుగురు. ఇంకెక్కడ దొరుకుతుంది?

బావ ఇప్పుడు ఎన్నాళ్లు మానినట్టు అంటే ఇంట్లో రెండు లెక్కలున్నాయి. ఆఖరి చుక్క నుంచి లెక్కపెట్టే గదిలో పదకొండు నెలలు. మొదటి మీటింగు నుంచి లెక్కపెట్టే అక్క దగ్గర రెండేళ్లు దాటింది. ఈ విషయంలో గదికంటే అక్కకే దయ ఎక్కువ.

నిజామాబాద్ స్నేహితుడికి మర్నాడు మళ్లీ ఫోన్ చేశాను. కేంద్ర ప్రభుత్వం వ్యసనాల హెల్ప్‌లైన్ 14446, మానసిక సాయానికి టెలి-మానస్ 14416 ఇచ్చాను, టెలి-మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చని చెప్పాను. బావ నంబరు కూడా ఇచ్చాను, తమ్ముడే చేయాలన్న షరతుతో. "వాడు చెయ్యడు" అన్నాడు. "నేను చెప్పిన అని తెల్వకుండ మీ బావనే వానికి చేస్తే?" అన్నాడు. మళ్లీ అదే మాట. కుదరదన్నాను, కొంచెం కటువుగానే. తర్వాత బాధపడ్డాను. మా అక్కా, నేనూ ఒకప్పుడు ఉన్నచోటే అతను ఉన్నాడు.

స్నేహితుడి తమ్ముడు ఇంకా చేయలేదు. బావ మాత్రం అప్పటి నుంచీ రాత్రిళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టకుండా తల దగ్గర పెట్టుకుని పడుకుంటున్నాడు. నిన్న రాత్రి రెండింటికి మోగితే ఇద్దరూ ఉలిక్కిపడి లేచారట. ఎవరో రైతు, బోరు మోటారు కాలిపోయిందని. "తాగినన్నాళ్లూ నిద్ర లేదు, మానాక కూడా లేకపోతే ఎలా?" అని అక్క నాకు పొద్దున్నే ఫోన్ చేసి విసుక్కుంది.